అమెరికాలో ఆసుపత్రి బిల్లు కలెక్షన్ ఏజెన్సీకి వెళ్లిందా? కట్టేముందు ఇవి తెలుసుకోండి

అపార్ట్‌మెంట్ మారి ఏడాది కావస్తోంది. ఎప్పుడో ఓ రాత్రి కడుపునొప్పి తట్టుకోలేక ఎమర్జెన్సీకి వెళ్లి, నాలుగు గంటలు ఉండి వచ్చేసిన సంగతి కూడా మర్చిపోయారు. ఇన్సూరెన్స్ కార్డు చూపించాం కదా, అంతా అయిపోయిందనే అనుకున్నారు. ఉన్నట్టుండి ఎప్పుడూ పేరు వినని ఓ కంపెనీ నుంచి ఫోన్. ‘మీరు 1,840 డాలర్లు బాకీ ఉన్నారు. ఇప్పుడే కార్డు నంబరు చెబితే విషయం ఇక్కడితో ముగిసిపోతుంది’ అంటున్నారు.

అమెరికాలో చదువుకుంటున్న, ఉద్యోగం చేస్తున్న చాలామందికి ఏదో ఒకరోజు ఎదురయ్యే పరిస్థితే ఇది. క్రెడిట్ స్కోర్ దెబ్బతింటుందన్న భయంతో కొందరు అడిగినంతా కట్టేస్తారు. ‘మనది కాని బిల్లు మనకెందుకు’ అని మరికొందరు లేఖను చెత్తబుట్టలో పడేస్తారు. రెండూ పొరపాట్లే. బిల్లు మీద అనుమానం ఉంటే ప్రశ్నించే హక్కు అక్కడి చట్టం మీకు ఇచ్చింది. కాకపోతే దానికి గడువుంది, పద్ధతి ఉంది. మీరు అమెరికాలో ఉన్నా, మీ పిల్లలు అక్కడ ఉన్నా ఈ వివరాలు దగ్గర పెట్టుకోండి.

అసలు బిల్లు కలెక్షన్‌కు ఎందుకు వెళ్తుంది?

అమెరికాలో ఒక్కసారి ఎమర్జెన్సీకి వెళ్తే ఒక్క బిల్లుతో పోదు. ఆసుపత్రి ఒకటి పంపుతుంది. చూసిన డాక్టర్ల గ్రూపు మరొకటి పంపుతుంది. స్కాన్ చదివిన రేడియాలజిస్టు, రక్త పరీక్ష చేసిన ల్యాబ్, తీసుకెళ్లిన అంబులెన్స్ ఎవరి బిల్లు వారిదే. వీటిలో ఏ ఒక్కటి పాత చిరునామాకు వెళ్లినా, ఇన్సూరెన్స్ నంబరులో ఒక్క అంకె తప్పు పడినా, క్లెయిమ్ తిరస్కరణకు గురైనా ఆ మొత్తం మీ పేరు మీద బాకీగా మిగిలిపోతుంది. కొన్ని నెలలు ఎదురుచూశాక ఆసుపత్రి దాన్ని కలెక్షన్ ఏజెన్సీకి అప్పగిస్తుంది, లేదా అమ్మేస్తుంది.

ఇక్కడ గుర్తుంచుకోవాల్సిన విషయం ఒకటుంది. ఏజెన్సీ దగ్గర సాధారణంగా మీ పేరు, మొత్తం, తేదీ లాంటి కొద్ది వివరాలే ఉంటాయి. మీకు ఏ వైద్యం చేశారో, ఇన్సూరెన్స్ ఎంత కట్టిందో వారికి తెలియకపోవచ్చు. ఏజెన్సీ అడిగిందంటే లెక్క సరైనదేనని అర్థం కాదు.

ఫోన్ వస్తే ఏం చేయాలి?

మొదటి ఫోన్‌లోనే డబ్బు కట్టొద్దు. ‘అవును, నాదే’ అని ఒప్పుకోవద్దు. బ్యాంకు ఖాతా, కార్డు, సోషల్ సెక్యూరిటీ నంబరు చెప్పొద్దు. నకిలీ కలెక్టర్ల మోసాలూ ఎక్కువే. కంపెనీ పేరు, చిరునామా, ఫోన్ చేసినవారి పేరు, ఏ ఆసుపత్రి బిల్లో అడిగి రాసుకోండి. ‘వివరాలన్నీ రాతపూర్వకంగా పంపండి’ అని చెప్పి పెట్టేయండి. ఆ తేదీ, సమయం కూడా నోట్ చేసుకోండి. రేపు ఫిర్యాదు చేయాల్సి వస్తే అవే ఆధారాలు.

చిన్న మొత్తం కట్టి తాత్కాలికంగా తప్పించుకుందామనీ అనుకోవద్దు. బాకీపై కోర్టుకు వెళ్లేందుకు ప్రతి రాష్ట్రంలో ఓ కాలపరిమితి ఉంటుంది. చాలా రాష్ట్రాల్లో అది మూడు నుంచి ఆరేళ్లు. పాత బాకీలో కొంత కట్టినా, బాకీ ఉన్నట్లు రాసిచ్చినా కొన్ని రాష్ట్రాల్లో ఆ గడియారం మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది.

30 రోజుల గడువు ఏమిటి?

బాకీల వసూలులో వేధింపులను అడ్డుకునేందుకు అమెరికాలో 1977లోనే ఫెయిర్ డెట్ కలెక్షన్ ప్రాక్టీసెస్ యాక్ట్ వచ్చింది. దీని అమలుకు ‘రెగ్యులేషన్ ఎఫ్’ పేరుతో తెచ్చిన కొత్త నిబంధనలు 2021 నవంబరు 30 నుంచి అమల్లో ఉన్నాయి. వీటి ప్రకారం ఏజెన్సీ మిమ్మల్ని మొదటిసారి సంప్రదించినప్పుడే గానీ, ఆ తర్వాత 5 రోజుల్లోగా గానీ ‘వాలిడేషన్ నోటీస్’ ఇవ్వాలి. బాకీ ఎవరిది, మొత్తం ఎంత, దానికి కలిపిన వడ్డీ, ఫీజులెంత, మీరు కట్టిందేమైనా ఉంటే ఎంత తీసేశారు అనేవి అందులో ఉండాలి. ఏ తేదీలోగా అభ్యంతరం చెప్పొచ్చో కూడా ఉంటుంది. నోటీసు అందాక 30 రోజుల సమయం మీది.

ఈ గడువులోగా మీరు రాతపూర్వకంగా అభ్యంతరం చెబితే, బాకీకి ఆధారాలు పంపేవరకూ ఏజెన్సీ వసూలు ప్రయత్నాలు ఆపేయాలి. ఫోన్‌లో చెప్పినదానికి ఈ రక్షణ వర్తించదు. గడువు దాటాక కూడా అభ్యంతరం చెప్పొచ్చు, కానీ అప్పుడు వసూలు ఆపి తీరాలన్న నిబంధన ఉండదు. అందుకే కవరు రాగానే మొదట చూడాల్సింది ఆ తేదీ.

అభ్యంతర లేఖలో ఏం రాయాలి?

పెద్ద వ్యాసం అక్కర్లేదు. ఒక పేజీ చాలు. నోటీసులో కింద చించి పంపే ఫారం ఉంటుంది, అందులో టిక్ పెట్టి పంపినా చెల్లుతుంది. దానికి జతగా లేఖ ఉంటే ఇంకా మంచిది. ఇవి ఉండేలా చూసుకోండి:

• నోటీసులో ఉన్న రిఫరెన్స్ నంబరు, మీ పేరు, ప్రస్తుత చిరునామా.

• ‘ఈ బాకీపై నాకు అభ్యంతరం ఉంది’ అన్న స్పష్టమైన వాక్యం. ‘కొంచెం చూడండి’ అన్నట్టు మెత్తగా వద్దు.

• కారణం: ఇన్సూరెన్స్‌కు పంపలేదు, ఇప్పటికే కట్టాను, ఈ చికిత్స జరగలేదు, మొత్తం తప్పు. ఏది నిజమైతే అది.

• మీరు కోరుతున్నవి: వివరాలతో కూడిన బిల్లు, ఆసుపత్రి పేరు, చికిత్స తేదీ, ఇన్సూరెన్స్ చెల్లింపుల వివరం, బాకీ వసూలు చేసే అధికారం ఏజెన్సీకి ఉందనడానికి ఆధారం.

లేఖను సర్టిఫైడ్ మెయిల్‌లో, రిటర్న్ రిసీట్‌తో పంపండి. పోస్టాఫీసులో కొన్ని డాలర్లు అవుతుంది గానీ, అందినట్లు సంతకం మీ దగ్గర ఉంటుంది. పంపిన ప్రతి కాగితాన్నీ ఫోన్‌లో ఫొటో తీసి ఒకే ఫోల్డర్‌లో పెట్టుకోండి. ఒరిజినల్స్ మాత్రం ఎవరికీ పంపొద్దు.

బిల్లులో తప్పు ఎలా పట్టుకోవాలి?

లేఖ పంపాక ఏజెన్సీ జవాబు కోసం చేతులు కట్టుకుని కూర్చోవద్దు. నేరుగా ఆసుపత్రి బిల్లింగ్ విభాగానికి ఫోన్ చేసి ‘ఐటమైజ్డ్ బిల్లు’ అడగండి. ఒకే మొత్తం వేసి పంపే స్టేట్‌మెంట్ కాదు, ప్రతి సేవకూ కోడ్, ధర ఉన్న పూర్తి జాబితా కావాలని చెప్పండి. ఆ తర్వాత ఇన్సూరెన్స్ కంపెనీ యాప్‌లో అదే తేదీకి సంబంధించిన ‘ఎక్స్‌ప్లనేషన్ ఆఫ్ బెనిఫిట్స్’ తీయండి. దీన్నే ఈవోబీ అంటారు. ఆసుపత్రి ఎంత అడిగింది, ఇన్సూరెన్స్ ఎంతకు ఒప్పుకుంది, ఎంత కట్టింది, మీ వాటా ఎంత అన్నది అందులో ఉంటుంది.

రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. మీ వాటా ఈవోబీలో 250 డాలర్లని ఉండి, కలెక్షన్ లేఖలో 1,840 డాలర్లని ఉంటే సమస్య ఎక్కడుందో తెలిసినట్టే. తరచూ కనిపించే తప్పులు ఇవీ:

• ఒకే పరీక్షను రెండుసార్లు వేయడం.

• చేయని పరీక్ష, ఇవ్వని మందు వేయడం.

• చిన్న సమస్యకు పెద్ద కోడ్ వేయడం. ఎమర్జెన్సీ విజిట్‌కు 99281 నుంచి 99285 వరకు ఐదు స్థాయుల కోడ్‌లు ఉంటాయి. అంకె పెరిగేకొద్దీ ధర పెరుగుతుంది. గొంతునొప్పికి వెళ్తే 99285 ఎందుకు పడిందని అడగొచ్చు.

• అసలు క్లెయిమ్ ఇన్సూరెన్స్‌కు పంపకపోవడం. ఈవోబీ లేనే లేదంటే ఇదే జరిగి ఉండొచ్చు. నెట్‌వర్క్‌లో ఉన్న ఆసుపత్రి గడువులోగా క్లెయిమ్ పంపకపోతే, ఆ భారం మీ మీద వేయడానికి ఇన్సూరెన్స్ కంపెనీతో దాని ఒప్పందం సాధారణంగా ఒప్పుకోదు.

తప్పు దొరికితే ఖాతాను కలెక్షన్ నుంచి వెనక్కి తీసుకోవాలని ఆసుపత్రిని లిఖితపూర్వకంగా కోరండి. క్లెయిమ్‌ను ఇన్సూరెన్సే తిరస్కరించి ఉంటే అక్కడ అప్పీలు చేయండి. తిరస్కరణ నోటీసు అందిన 180 రోజుల్లోగా కంపెనీలోనే అంతర్గత అప్పీలుకు అవకాశం ఉంటుంది. అక్కడా కాదంటే, చాలా కేసుల్లో తుది నిర్ణయం వచ్చిన 4 నెలల్లోగా బయటి సంస్థతో స్వతంత్ర సమీక్ష కోరవచ్చు.

నెట్‌వర్క్‌లో లేని డాక్టర్ బిల్లు పంపితే?

ఇక్కడే 2022 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన ‘నో సర్‌ప్రైజెస్ యాక్ట్’ పనికొస్తుంది. మీకు ఉద్యోగం ద్వారా గానీ, మార్కెట్‌ప్లేస్‌లో గానీ తీసుకున్న హెల్త్ ప్లాన్ ఉంటే, ఎమర్జెన్సీ చికిత్సకు నెట్‌వర్క్‌లో లేని ఆసుపత్రికి వెళ్లినా నెట్‌వర్క్‌లో ఉన్నట్టే మీ వాటా లెక్కించాలి. మిగిలింది మీ దగ్గర వసూలు చేయకూడదు. నెట్‌వర్క్‌లోని ఆసుపత్రిలో ఆపరేషన్ చేయించుకుంటే, మీరు ఎంచుకోని మత్తు డాక్టర్ నెట్‌వర్క్‌లో లేరని అదనంగా బిల్లు వేయడమూ కుదరదు. హెలికాప్టర్ లాంటి ఎయిర్ అంబులెన్సులకూ ఈ రక్షణ ఉంది. రోడ్డు మీద వెళ్లే అంబులెన్సులకు మాత్రం ఈ చట్టం వర్తించదు. కొన్ని రాష్ట్రాల్లో సొంత చట్టాలున్నాయి, మీ రాష్ట్రంలో ఉందేమో చూడండి.

ఈ చట్టం కింద సందేహాలకు, ఫిర్యాదులకు నో సర్‌ప్రైజెస్ హెల్ప్ డెస్క్ నంబరు 1-800-985-3059.

ఇన్సూరెన్స్ లేకపోతే? అమ్మానాన్నల బిల్లు అయితే?

పిల్లల్ని చూడ్డానికి వెళ్లిన తల్లిదండ్రులు జబ్బుపడితే వచ్చే బిల్లులు మరో రకం తలనొప్పి. విజిటర్ ఇన్సూరెన్స్ పాలసీలు సాధారణ హెల్త్ ప్లాన్లు కావు. చాలా పాలసీల్లో ఒక్కో సేవకు ఇంతేనని పరిమితి ఉంటుంది, పాత జబ్బులకు మినహాయింపులుంటాయి. కాబట్టి పైన చెప్పిన ఎమర్జెన్సీ రక్షణ వాటికి వర్తిస్తుందని ధీమాగా ఉండొద్దు.

ఇన్సూరెన్స్ లేనివారికి, సొంతంగా కట్టుకునేవారికి మరో హక్కు ఉంది. ముందే అపాయింట్‌మెంట్ తీసుకున్న చికిత్సకు ఆసుపత్రి ‘గుడ్ ఫెయిత్ ఎస్టిమేట్’ పేరుతో అంచనా ఖర్చు రాసివ్వాలి. వచ్చిన బిల్లు ఆ అంచనా కంటే 400 డాలర్లు, అంతకు మించి ఎక్కువుంటే, తొలి బిల్లు తేదీ నుంచి 120 రోజుల్లోగా ప్రభుత్వం ఏర్పాటు చేసిన వివాద పరిష్కార ప్రక్రియకు వెళ్లొచ్చు. 25 డాలర్ల ఫీజు ఉంటుంది. ఆ వివాదం తేలేవరకు బిల్లును కలెక్షన్‌కు పంపకూడదు, అప్పటికే పంపి ఉంటే వసూలు ఆపాలి.

ఆసుపత్రిలో హడావుడిగా పెట్టే సంతకాల దగ్గరా జాగ్రత్త. అమ్మకో, నాన్నకో చికిత్స చేయించేటప్పుడు ‘గ్యారంటర్’ అన్న చోట మీరు సంతకం చేస్తే ఆ బిల్లుకు మీరే బాధ్యులవుతారు. కలెక్షన్ లేఖ మీ పేరు మీద వస్తే ఆ ఫారం కాపీ అడిగి, మీరు ఏ హోదాలో సంతకం చేశారో చూసుకోండి.

బిల్లు సరైనదే, కానీ కట్టే స్థోమత లేదు.. దారేది?

అమెరికాలో చాలా ఆసుపత్రులు లాభాపేక్ష లేని సంస్థలుగా పన్ను మినహాయింపు పొందుతున్నాయి. అలాంటివి ఆదాయం తక్కువున్న రోగుల కోసం తప్పనిసరిగా ‘ఫైనాన్షియల్ అసిస్టెన్స్ పాలసీ’ పెట్టాలి. అర్హులైతే బిల్లు తగ్గిస్తారు, కొన్నిసార్లు పూర్తిగా మాఫీ చేస్తారు. నిబంధనలు ఒక్కో ఆసుపత్రిలో ఒక్కోలా ఉంటాయి కాబట్టి, విద్యార్థులకు, విజిటర్లకు వర్తిస్తుందో లేదో ఆ పాలసీలోనే చూడాలి.

డిశ్చార్జి తర్వాత తొలి బిల్లు పంపిన నాటి నుంచి 240 రోజుల వరకు ఈ దరఖాస్తు తీసుకోవాల్సిందే. అంటే బిల్లు కలెక్షన్‌కు వెళ్లిపోయాక కూడా చాలామందికి అవకాశం మిగిలే ఉంటుంది. తొలి 120 రోజుల్లో ఇలాంటి ఆసుపత్రులు బాకీని క్రెడిట్ బ్యూరోలకు చెప్పడం, కోర్టుకు వెళ్లడం లాంటి తీవ్ర చర్యలు తీసుకోకూడదు. మీరు దరఖాస్తు చేస్తే, నిర్ణయం వచ్చేవరకు అప్పటికే మొదలైన చర్యలనూ ఆపాలి.

అర్హత లేకపోతే బేరమాడండి. వడ్డీ లేని వాయిదాలు అడగండి. ఒకేసారి కడితే ఎంత తగ్గిస్తారో అడగండి. ఒప్పుకున్నది కాగితం మీదికి వచ్చాకే డబ్బు పంపండి. ‘ఈ మొత్తంతో ఖాతా పూర్తిగా తీరిపోయినట్టే’ అన్న మాట అందులో ఉండాలి.

క్రెడిట్ స్కోర్ సంగతేమిటి?

ఇల్లు అద్దెకు కావాలన్నా, కారు లోన్ తీసుకోవాలన్నా అక్కడ స్కోరే కీలకం. కలెక్టర్ల బెదిరింపులకు లొంగిపోవడానికీ ఈ భయమే ప్రధాన కారణం. కానీ వైద్య బాకీల విషయంలో ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్ సంస్థలు కొన్నేళ్లుగా నిబంధనలు సడలించాయి. ప్రస్తుతం పరిస్థితి ఇదీ:

• కట్టేసిన వైద్య బాకీలు రిపోర్టులో కనిపించవు.

• కలెక్షన్‌కు వెళ్లి ఏడాది కాని బాకీలు కనిపించవు. గతంలో ఈ వ్యవధి ఆరు నెలలే. 2022లో ఏడాదికి పెంచారు.

• 500 డాలర్ల లోపు వైద్య బాకీలను 2023 ఏప్రిల్‌లో తొలగించారు.

వైద్య బాకీలన్నిటినీ రిపోర్టుల నుంచి తీసేయాలని కన్స్యూమర్ ఫైనాన్షియల్ ప్రొటెక్షన్ బ్యూరో (సీఎఫ్‌పీబీ) 2025 జనవరిలో నిబంధన తెచ్చింది. అదే ఏడాది జులైలో టెక్సస్‌లోని ఫెడరల్ కోర్టు దాన్ని కొట్టేసింది. కాబట్టి ‘వైద్య బాకీ రిపోర్టులోకే రాదు’ అని ఎవరైనా పాత వార్త చూపిస్తే నమ్మొద్దు. న్యూయార్క్, కొలరాడో లాంటి కొన్ని రాష్ట్రాలు మాత్రం సొంత చట్టాలు చేసుకున్నాయి.

మూడు సంస్థల రిపోర్టులనూ యాన్యువల్ క్రెడిట్ రిపోర్ట్ వెబ్‌సైట్‌లో వారానికోసారి ఉచితంగా చూసుకోవచ్చు. తప్పుడు బాకీ కనిపిస్తే ఆ సంస్థకే ఆన్‌లైన్‌లో అభ్యంతరం పెట్టండి. సాధారణంగా 30 రోజుల్లోగా విచారించి తేల్చాలి.

‘వీసా పోతుంది, పోలీసులొస్తారు’ అంటే?

బాకీ కట్టకపోతే అరెస్టు చేయిస్తామని కలెక్షన్ ఏజెన్సీ బెదిరించడం చట్టవిరుద్ధం. ఆసుపత్రి బాకీ సివిల్ వ్యవహారం, నేరం కాదు. ఇలా బెదిరించే ఫోన్ మోసగాళ్లది అయ్యే అవకాశమూ ఎక్కువే. ఉదయం 8 గంటలకు ముందు, రాత్రి 9 తర్వాత ఫోన్ చేయకూడదు. ఒక బాకీ గురించి 7 రోజుల్లో 7 సార్లకు మించి ఫోన్ చేస్తే నిబంధన ఉల్లంఘించినట్టుగానే భావిస్తారు. ఆఫీసుకు ఫోన్ చేయొద్దని మీరు చెబితే మానుకోవాలి. మీ బాకీ సంగతి రూమ్మేట్లకు, స్నేహితులకు, హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉన్న బంధువులకు చెప్పకూడదు.

ఉల్లంఘిస్తే సీఎఫ్‌పీబీకి ఆన్‌లైన్‌లో, మీ రాష్ట్ర అటార్నీ జనరల్ కార్యాలయానికి ఫిర్యాదు చేయొచ్చు. ఏడాదిలోగా కోర్టుకు వెళ్తే, జరిగిన నష్టంతో పాటు 1,000 డాలర్ల వరకు అదనపు పరిహారం కోరే వీలుంది. అయితే ఈ చట్టం ప్రధానంగా ఏజెన్సీలకు వర్తిస్తుంది. సొంత పేరుతో ఫోన్ చేసే ఆసుపత్రి సిబ్బంది సాధారణంగా దీని పరిధిలోకి రారు.

కోర్టు నోటీసు వస్తే మాత్రం..

కలెక్షన్ లేఖ వేరు, కోర్టు సమన్లు వేరు. సమన్లు వస్తే అందులోని గడువులోగా జవాబు దాఖలు చేయాల్సిందే. మీ బాకీ కాకపోయినా సరే. మీరు వెళ్లకపోతే కోర్టు ఏకపక్షంగా ఏజెన్సీకి అనుకూలంగా తీర్పు ఇచ్చేస్తుంది. ఆ తర్వాత అనేక రాష్ట్రాల్లో జీతంలో కోత పెట్టించుకోవచ్చు, బ్యాంకు ఖాతా స్తంభింపజేయించుకోవచ్చు. అంతకుముందు ఎంత బలమైన ఆధారాలున్నా అప్పుడు వాటిని వినిపించడం కష్టం. లాయరును పెట్టుకునే స్థోమత లేకపోతే స్థానిక లీగల్ ఎయిడ్ కార్యాలయాన్ని, విద్యార్థులైతే యూనివర్సిటీలోని స్టూడెంట్ లీగల్ సర్వీసెస్‌ను అడగండి. చాలా యూనివర్సిటీల్లో ఈ సదుపాయం ఉంటుంది.

ఇండియాకు తిరిగొచ్చేస్తే బాకీ పోతుందా?

విమానం ఎక్కినంత మాత్రాన పోదు. అమెరికాలో మీ క్రెడిట్ రికార్డు అలాగే ఉంటుంది, కేసు వేసే హక్కూ గడువు ముగిసేవరకు ఉంటుంది. మళ్లీ ఉద్యోగానికో, పిల్లల దగ్గరికో వెళ్లే ఆలోచన ఉంటే వచ్చేముందే ఆసుపత్రి ఖాతాలో బాకీ సున్నా అయినట్లు రాతపూర్వకంగా తీసుకోండి. ఆసుపత్రికి, ఇన్సూరెన్స్‌కు, పోస్టాఫీసుకు కొత్త చిరునామా ఇవ్వండి. అపార్ట్‌మెంట్ మారినప్పుడూ ఇదే పని చేయాలి. కలెక్షన్‌దాకా వెళ్లే బిల్లుల్లో కొన్ని అసలు మన చేతికే అందనివి.

ఇప్పుడే లేఖ వచ్చి ఉంటే ముందుగా ఓ పని చేయండి. కవరు మీద అది అందిన తేదీ రాసి, ఫొటో తీయండి. నోటీసులో ఉన్న చివరి తేదీకి వారం ముందు ఫోన్‌లో అలారం పెట్టండి. మిగతావన్నీ ఆ తర్వాత.